కమిట్ మెసేజ్ కూడా చదివాకే అప్రూవ్ చేయండి: టీమ్ లీడ్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో, బెంగళూరులో, డల్లాస్‌లో, ఊళ్లో ఇంటి నుంచి, ఎక్కడి నుంచి పనిచేస్తున్నా సరే, పుల్ రిక్వెస్ట్ (నా మార్పుల్ని మెయిన్ కోడ్‌లో కలపండి అని అడగడం) కింద అప్రూవ్ బటన్ నొక్కే అధికారం ఉన్న టీమ్ లీడ్లకు, ఆర్కిటెక్టులకు, సీనియర్లందరికీ,

నమస్తే. సూటిగా విషయానికి వస్తాను. మీరు కోడ్ బాగానే రివ్యూ చేస్తారు. వేరియబుల్ పేరు బాగోలేకపోతే చెప్తారు, నల్ చెక్ మర్చిపోతే పట్టుకుంటారు, టెస్ట్ రాయకపోతే వెనక్కి పంపిస్తారు. అదే పుల్ రిక్వెస్ట్‌లో కమిట్ మెసేజ్, అంటే సేవ్ చేసిన ఒక్కో మార్పుతోపాటు రాసే వివరణ, “ఫిక్స్‌డ్ ఇష్యూ” అనో, “అప్‌డేటెడ్” అనో, “రివ్యూ కామెంట్స్ అడ్రెస్డ్” అనో ఉంటే మాత్రం ఒక్క మాట అనరు. ఎల్‌జీటీఎమ్ (నాకు బాగానే ఉంది) అని టైప్ చేసి మెర్జ్ కొట్టేస్తారు, అంటే మెయిన్ కోడ్‌లో కలిపేస్తారు. కమిట్ మెసేజ్ ఎలా రాయాలో జూనియర్లకు చెప్పే పాఠాలు కావలసినన్ని ఉన్నాయి. వాళ్లు చదువుతారు, కొన్నాళ్లు పాటిస్తారు, ఎవరూ చూడట్లేదని అర్థమయ్యాక వదిలేస్తారు. చూడాల్సింది మీరు కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

నేను పనిచేసిన ఒక పేమెంట్స్ ప్రాజెక్టులో జరిగింది చెప్తాను. బ్యాంకుకి రిక్వెస్ట్ పంపి జవాబు కోసం ఆగే చోట టైమౌట్ 75 సెకన్లు ఉండేది. మిగతా సర్వీసులన్నిటిలో 30. కొత్తగా టీమ్‌లోకి వచ్చిన అమ్మాయి ఇదేంటి ఇక్కడొక్కచోటే ఇలా ఉంది అని గిట్ బ్లేమ్ (కోడ్ మార్పుల హిస్టరీ దాచే గిట్ అనే టూల్‌లో, ఏ లైన్ ఎవరు ఏ కమిట్‌లో మార్చారో చూపే కమాండ్) కొట్టి చూసింది. ఆ లైన్ మార్చిన కమిట్‌లో ఉన్నది రెండే మాటలు, “టైమౌట్ ఫిక్స్”. రాసినాయన అప్పటికే వేరే కంపెనీకి వెళ్లిపోయాడు, టీమ్‌లో ఎవర్ని అడిగినా తెలియదన్నారు. అన్నిచోట్లా ఒకేలా ఉంటే బాగుంటుందని ఆమె దాన్ని 30 చేసింది. రివ్యూలో అందరికీ సబబుగానే అనిపించింది, అప్రూవ్ అయింది, ప్రొడక్షన్‌కి వెళ్లింది. మూడు వారాలు ఏమీ కాలేదు. నెలాఖరు రాత్రి నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి, ఖాతాలో డబ్బు కట్ అయింది కానీ ఆర్డర్ ఫెయిల్ అని చూపిస్తోందని. విషయం ఏమిటంటే నెలాఖరు రద్దీలో ఆ బ్యాంకు జవాబు ఇవ్వడానికి దాదాపు నిమిషం తీసుకుంటుంది, మనవాళ్లు 30 సెకన్లకే ఫెయిల్ అని రాసేసుకుంటున్నారు, బ్యాంకేమో తాపీగా ఆ తర్వాత డెబిట్ చేస్తోంది. మొదట 75 పెట్టినాయన సరిగ్గా ఈ సమస్యనే కనిపెట్టి సరిచేశాడు. చేసిన పని మంచిదే, కారణం మాత్రం ఆయనతోపాటే వెళ్లిపోయింది.

ఆ అమ్మాయి తప్పు ఇందులో నాకు కనిపించదు. ఆమె చేయాల్సినదంతా చేసింది, హిస్టరీ చూసింది, మనుషుల్ని అడిగింది. అసలు జరగాల్సిన రివ్యూ అంతకు ముందెప్పుడో, “టైమౌట్ ఫిక్స్” అన్న కమిట్ అప్రూవల్‌కి వచ్చిన రోజున జరగాల్సింది. ఆ రోజు లీడ్ “ఏ టైమౌట్? ఎందుకు 75?” అని ఒక్క కామెంట్ పెట్టి ఉంటే మెసేజ్ ఇలా మారేది (మనం ఇంగ్లిష్‌లోనే రాస్తాం, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను):

పేమెంట్: బ్యాంకు జవాబు గడువు 75 సెకన్లకు పెంచు

నెలాఖరు రాత్రుల్లో బ్యాంకు జవాబు నిమిషం దాకా ఆలస్యమవుతోంది. మనం 30 సెకన్లకే ఫెయిల్ అని రాసుకుంటున్నాం, బ్యాంకు ఆ తర్వాత డెబిట్ చేస్తోంది. రీట్రై (మళ్లీ పంపడం) పెట్టి చూశాం, ఒకే లావాదేవీ అటువైపు రెండుసార్లు పడుతోంది, అందుకని తీసేశాం. బ్యాంకు స్టేటస్ ఏపీఐ (లావాదేవీ ఏమైందో అడిగే దారి) ఇస్తే ఈ గడువు మళ్లీ తగ్గించవచ్చు.

అంతే. ఇది రాయడానికి గొప్ప రచయిత అక్కర్లేదు, పట్టే టైమ్ రెండు మూడు నిమిషాలు. ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది రీట్రై గురించిన వాక్యం. చేసిన మార్పు డిఫ్‌లో (పాత, కొత్త కోడ్‌ల తేడాలో) కనిపిస్తుంది. చేసి చూసి వద్దనుకున్నది డిఫ్‌లో ఎక్కడా కనిపించదు. అది రాయకపోతే వచ్చే ఏడాది ఇంకొకరు అదే రీట్రై పెట్టి అదే దెబ్బ తింటారు.

కోడ్‌లో కామెంట్ రాస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఇలాంటి చోట కామెంట్ కూడా ఉండాలి, నేను కాదనను. కానీ కామెంట్ ఇప్పుడున్న లైన్ గురించి చెప్తుంది, కమిట్ మెసేజ్ ఆ మార్పు గురించి చెప్తుంది. అయిదు ఫైళ్లలో ఒకేసారి చేసిన మార్పుకి కారణం ఏ ఫైల్‌లో కామెంట్‌గా పెడతాం? పనికిరాదని ఒక ఫంక్షన్ మొత్తం తీసేస్తే, లేని కోడ్ పక్కన కామెంట్ ఎక్కడ రాస్తాం?

టికెట్ (ట్రాకర్‌లో ఒక్కో పనికీ రాసుకునే ఎంట్రీ) నంబర్ ఉంది కదా అన్నది రెండో జవాబు. ఇది మన సర్వీస్ కంపెనీల్లో బాగా పాతుకుపోయిన అలవాటు. మెసేజ్ మొత్తం ఒక ప్రాజెక్ట్ కోడ్, ఒక నంబర్, అంతటితో సరి. ఆ టికెట్ తెరిస్తే లోపల “కాల్‌లో మాట్లాడుకున్నట్టు చేయండి” అని ఉంటుంది. అదైనా తెరవగలిగితే. కాంట్రాక్ట్ అయిపోయాక క్లయింట్ యాక్సెస్ తీసేస్తాడు, కంపెనీ ట్రాకర్ మారుస్తుంది, పాత టికెట్లు ఎవరో ఆర్కైవ్ చేస్తారు. రిపోజిటరీ (కోడ్ అంతా ఉండే చోటు) మాత్రం ఒక చోటి నుంచి ఇంకో చోటికి హిస్టరీతో సహా వెళ్తుంది. ఓపెన్ సోర్స్‌లోనూ ఇది జరిగింది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు పెట్టుకునే గూగుల్ కోడ్ సైట్ 2015లో మూత ప్రకటించి 2016 జనవరిలో ఆగిపోయింది, అక్కడి ప్రాజెక్టులు వేరే చోట్లకి వెళ్లాయి. ఫలానా నంబర్ ఇష్యూ ఫిక్స్ చేశాం అని మాత్రమే రాసుకున్న పాత కమిట్లకి కొత్త చోట అదే నంబర్‌తో సంబంధం లేని ఇంకో ఇష్యూ తగిలే అవకాశం ఉంది. రిపోజిటరీలు పెట్టుకునే సైట్ గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ డిస్క్రిప్షన్ ఎంత బాగా రాసినా అది గిట్‌హబ్ దగ్గరే ఉంటుంది, రిపోజిటరీ క్లోన్ (కాపీ) చేస్తే మీ మెషిన్‌లోకి వచ్చేది కమిట్ మెసేజ్ ఒక్కటే. టికెట్ నంబర్ తప్పకుండా ఉండనివ్వండి, చివరి లైన్‌లో. కారణం బదులు మాత్రం కాదు.

గిట్ పుట్టినప్పటి సంగతే చూడండి. అప్పటిదాకా లినక్స్ కోడ్ హిస్టరీ ఉంచిన బిట్‌కీపర్ అనే టూల్‌ని ఉచితంగా వాడుకునే అవకాశం పోవడంతో 2005 ఏప్రిల్‌లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ గిట్ రాశాడు. అదే నెల లినక్స్ కెర్నల్‌ని (ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి కోడ్) అందులోకి తెచ్చినప్పుడు చేసిన మొదటి కమిట్ ఈ రోజుకీ ఉంది, 2.6.12-ఆర్‌సీ2 వెర్షన్‌ది. దాన్ని “ఇనీషియల్ కమిట్” అని వదిలేసి ఉండొచ్చు, మనలో చాలామంది అలాగే చేస్తాం. ఆయన మాత్రం పాత హిస్టరీ తమ దగ్గర ఉన్నా ఎందుకు తేవట్లేదో రాశాడు. అది తెస్తే 3.2 జీబీ దాకా అవుతుందని, గిట్ ఇంకా కొత్తది కాబట్టి అంత బరువు అనవసరమని, కావాలంటే తర్వాత విడిగా ఒక పాత హిస్టరీ రిపోజిటరీ పెట్టుకోవచ్చని. ఇన్నేళ్ల తర్వాత కెర్నల్‌లో ఏ పాత లైన్‌కైనా గిట్ బ్లేమ్ కొట్టి ఆ మొదటి కమిట్ దగ్గర ఆగిపోయినవాడికి అక్కడే జవాబు దొరుకుతుంది.

కెర్నల్‌లో ఆ పద్ధతి ఇంకా నడుస్తోందంటే కారణం మెయింటెయినర్లే (ఒక్కో భాగాన్ని చూసుకుంటూ మార్పుల్ని ఒప్పుకునేవాళ్లు). ఒక్కో రిలీజ్‌లో పదివేలకు పైగా కమిట్లు వస్తాయి, అయినా మెసేజ్ బాగోలేదని ప్యాచ్ (పంపిన మార్పు) వెనక్కి పంపడం అక్కడ మామూలు విషయం. సమస్య ఏమిటో చెప్పు, వాడేవాళ్లకి దానివల్ల ఏం ఇబ్బందో చెప్పు, వేగం పెంచానంటే అంకెలు చూపించు, దానికోసం ఏం వదులుకున్నావో కూడా చెప్పు అని వాళ్ల నియమాల్లోనే రాసి ఉంది. పాత కమిట్ వల్ల వచ్చిన బగ్‌ని సరిచేస్తుంటే “ఫిక్సెస్” అని పెట్టి, ఆ పాత కమిట్ హ్యాష్‌లో (కమిట్‌ని గుర్తించే కోడ్) మొదటి 12 అక్షరాలు, దాని టైటిల్ రాయాలి. స్టేబుల్ వెర్షన్లు చూసుకునేవాళ్లు ఏ సవరణని ఎంత పాత వెర్షన్ల దాకా తీసుకెళ్లాలో తేల్చుకోవడానికి ఆ ఒక్క లైన్ ఎంతో ఉపయోగపడుతుంది. అక్కడ పనిచేసే మన తెలుగువాళ్లు కూడా ఆ మెసేజ్‌లు చక్కగా రాస్తున్నారు. మనవాళ్లకి చేతకాదు అనేది వట్టి మాట, అడిగేవాళ్లుంటే రాస్తారు.

రాసినంత మాత్రాన సరిపోదు, చదివేవాళ్లూ ఉండాలి. 2006లో డెబియన్ (ఒక రకం లినక్స్) ప్యాకేజీలో, ఎన్‌క్రిప్షన్‌కి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లో రెండు లైన్లు తీసేశారు. కారణం రాసే చేశారు: ఇనిషియలైజ్ కాని (ఇంకా విలువ పెట్టని) మెమరీని ర్యాండమ్ నంబర్ జనరేటర్‌కి కలుపుతున్నారని వాల్‌గ్రిండ్ అనే టూల్ హెచ్చరికలు ఇస్తోంది, అవి ఆగాలి. తీసిన రెండింటిలో ఒకటి ర్యాండమ్‌నెస్‌కి ప్రాణం లాంటి లైన్. దాంతో మిగిలింది ప్రాసెస్ ఐడీ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి సిస్టమ్ ఇచ్చే నంబర్) ఒక్కటే, అంటే ఒక రకం మెషిన్ మీద ఒక సైజు ఎన్‌క్రిప్షన్ కీ తయారుచేస్తే వచ్చే అవకాశాలు 32,768 మాత్రమే. ఇది బయటపడింది 2008 మే నెలలో, ఈలోపు తయారైన కీలన్నీ మార్చుకోవాల్సి వచ్చింది. ఇక్కడ కారణం స్పష్టంగా రాసి ఉంది, ఆ కారణం చాలదు అని మాత్రం దాదాపు రెండేళ్లు ఎవరూ చెప్పలేదు. రివ్యూయర్‌గా మీ అవసరం అక్కడే. కారణం రాసి ఉంటే దానితో వాదించవచ్చు, “ఈ రెండు లైన్లు తీస్తే ఇంకేం పోతుంది?” అని అడగవచ్చు. “క్లీనప్” అని ఉన్నదాంతో ఎవరు వాదిస్తారు?

ఇక ఇంగ్లిష్ గురించి. దీని గురించి మన ఆఫీసుల్లో పైకి ఎవరూ మాట్లాడరు. తెలుగు మీడియంలో చదువుకుని, ఏదో జిల్లా కాలేజీలో బీటెక్ చేసి, క్యాంపస్‌లో సెలెక్ట్ అయి వచ్చిన పిల్లలు మీ టీమ్‌లో ఉంటారు. కోడ్ రాయమంటే రాస్తారు, బగ్ ఎక్కడుందో తెలుగులో అడిగితే టకటకా చెప్తారు. నాలుగు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాసి అది శాశ్వతంగా అందరికీ కనిపించేలా పెట్టమంటే టెన్షన్. గ్రామర్ తప్పు వస్తే నవ్వుతారేమో, క్లయింట్ చూస్తాడేమో. అందుకే “ఫిక్స్‌డ్” అని రాసి బయటపడతారు. బద్ధకం అనుకుని మీరు తిట్టుకుంటారు, చాలాసార్లు అది భయం.

దీనికి మీరు చేయగలిగింది చాలా ఉంది. ముందు, గ్రామర్ దిద్దడం మానేయండి. అర్థం తెలిస్తే చాలు, కాలం తప్పుగా పడినా, ఆర్టికల్ మర్చిపోయినా వదిలేయండి. “బ్యాంక్ లేట్ రెస్పాన్స్ గివింగ్, సో ఇంక్రీజ్ టైమౌట్” అని రాసినా సరే, నాకు అది “టైమౌట్ ఫిక్స్” కన్నా వెయ్యి రెట్లు మేలు. తర్వాత, వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఏం చేశావు, ఎందుకు చేశావు అని తెలుగులోనే అడగండి. చెప్తున్నప్పుడు “అదే రాయి” అనండి. రెండు మూడుసార్లు అలా చేశాక వాళ్లంతట వాళ్లే రాస్తారు, నేను పక్కనుండి చూశాను. కారణం తెలుగులో కూడా చెప్పలేకపోతే అది భాష సమస్య కాదు, ఆ మార్పు ఎందుకు చేశారో వాళ్లకే సరిగ్గా తెలియదన్నమాట. స్టాక్ ఓవర్‌ఫ్లోలో (డెవలపర్ల ప్రశ్నలు, జవాబుల సైట్) దొరికిన లైన్ పెడితే పనిచేసింది, ఎందుకు పనిచేసిందో తెలియదు, అంతవరకే. అది మెర్జ్ కాకముందే మీకు తెలియడం మంచిది కదా.

ఫార్మాట్ గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. మొదటి లైన్ 50 అక్షరాల దగ్గర్లో, తర్వాత ఒక ఖాళీ లైన్, కింద 72 అక్షరాలకు మడిచిన వివరం. మొదటి లైన్ లాగ్‌లో విడిగా కనిపించాలి, అందుకే ఆ ఖాళీ లైన్. కమాండ్‌లోనే డాష్ ఎమ్ (-m) పెట్టి ఒక్క లైన్‌లో కమిట్ చేసే అలవాటు మాత్రం మాన్పించండి, ఎడిటర్ తెరుచుకుంటేనే మనిషి రెండో వాక్యం రాస్తాడు. కమిట్ టెంప్లేట్ అని గిట్‌లో సెట్టింగ్ ఉంది, అందులో “ఏం ఇబ్బంది? ఎందుకిలా? ఇంకేం చూశావు?” అని మూడు ప్రశ్నలు కామెంట్లుగా పెట్టి టీమ్ అందరికీ ఇవ్వండి.

మెసేజ్ ఫార్మాట్ చెక్ చేసే లింటర్ పెట్టాం కదా అని కొన్ని టీమ్‌లు ధీమాగా ఉంటాయి. ఫీట్ (కొత్త ఫీచర్), ఫిక్స్ (సవరణ), చోర్ (చిల్లర పని) అని ముందు పెట్టాలి, లేకపోతే కమిట్ ఆగిపోతుంది. మంచిదే, ఛేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) దానంతట అదే తయారవుతుంది. కానీ “ఫిక్స్: ఫిక్స్ బగ్” అన్నది ఆ లింటర్‌ని హాయిగా దాటేస్తుంది. ఇప్పుడు ఏఐ టూల్స్ వచ్చాయి, డిఫ్ చూసి మెసేజ్ వాటంతటవే రాస్తాయి, చక్కటి ఇంగ్లిష్‌లో రాస్తాయి కూడా. “టైమౌట్ విలువను 30 నుంచి 75కి మార్చింది” అని పొందికగా చెప్తుంది. అది డిఫ్‌లోనే ఉంది. నెలాఖరు రాత్రి బ్యాంకు సంగతి దానికెలా తెలుస్తుంది? డ్రాఫ్ట్ దాంతోనే రాయించుకోనివ్వండి, ఇంగ్లిష్ భయం ఉన్నవాళ్లకి అది సాయమే, కానీ ఎందుకు అనే వాక్యం మనిషి కలపకపోతే అప్రూవ్ చేయకండి. చూడ్డానికి బాగున్న మెసేజ్ వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది, “ఫిక్స్‌డ్” అని చూస్తే ఇందులో ఏమీ లేదని వెంటనే తెలుస్తుంది, మూడు పేరాల ఖాళీ మెసేజ్ అయితే మొత్తం చదివాక గానీ తెలియదు.

స్క్వాష్ మెర్జ్ (విడిగా పనిచేసిన బ్రాంచ్‌లోని కమిట్లన్నిటినీ ఒకే కమిట్‌గా కలపడం) కొట్టేది ఎక్కువగా మీరే కాబట్టి ఇది పూర్తిగా మీ చేతిలో పని. బ్రాంచ్‌లో పది కమిట్లు ఉంటే గిట్‌హబ్ ఆ పది మెసేజ్‌లనూ వరసగా మెసేజ్ పెట్టెలో పేర్చి పెడుతుంది: డబ్ల్యూఐపీ (పని నడుస్తోంది), టెస్ట్, టెస్ట్ ఎగైన్, లింట్ ఫిక్స్, రివ్యూ కామెంట్స్, ఫైనల్, ఫైనల్ టూ. చూడకుండా కన్ఫర్మ్ చేస్తే అదంతా మెయిన్ బ్రాంచ్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది. రిపోజిటరీ సెట్టింగ్స్‌లో పుల్ రిక్వెస్ట్ టైటిల్, డిస్క్రిప్షన్ తీసుకోమని మార్చుకోవచ్చు, ఒకసారి చేస్తే చాలు. పక్క బ్రాంచ్‌లో పని నడుస్తున్నప్పుడు ఎవరేం రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు, మెయిన్‌లోకి వచ్చేది చదవగలిగేలా ఉండాలి.

స్ప్రింట్ (ఒక విడత పని) మొత్తం ఒకే కమిట్‌గా వస్తే దాన్ని కూడా వెనక్కి పంపండి. వెయ్యి కమిట్ల మధ్య ఎక్కడో బగ్ వచ్చిందంటే గిట్ బైసెక్ట్ (ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతికే కమాండ్) పది మెట్లలో ఆ కమిట్ దగ్గరికి తీసుకెళ్తుంది. అంత కష్టపడి అక్కడికి చేరాక అది నాలుగు వేల లైన్ల “స్ప్రింట్ ఛేంజెస్” అయితే మళ్లీ మొదటికే. దాన్ని రివర్ట్ (రద్దు) చేద్దామన్నా మంచి మార్పులు కూడా పోతాయి.

అర్ధరాత్రి హాట్‌ఫిక్స్‌కి (అప్పటికప్పుడు పెట్టే అత్యవసర సవరణ) ఇదంతా కుదరదు అంటారు. ప్రొడక్షన్ పడిపోయి, అమెరికా వాళ్లు కాల్‌లో ఉండి, ఎప్పటికి అవుతుందని అయిదు నిమిషాలకోసారి అడుగుతుంటే ఎవరికైనా చేతులాడవు, నాకు తెలుసు. కానీ ప్రాజెక్టులో అన్నిటికన్నా విచిత్రమైన కోడ్ వచ్చేది ఆ రాత్రే. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ డాక్టర్ మందు డోసు మార్చి కేస్ షీట్‌లో “డోసు మార్చాం” అని మాత్రమే రాసి వెళ్తే పొద్దున వచ్చిన డాక్టర్ ఏం చేయాలి? కాల్ అవ్వగానే పది నిమిషాలు ఇచ్చి, మెసేజ్ సరిచేసి అప్పుడు మెయిన్‌లోకి తెమ్మనండి. ఆ పది నిమిషాలు ఇప్పించడం మీ పని, జూనియర్ అడగలేడు.

చివరిగా ఒక పని అడుగుతున్నాను. ఈ వారంలో ఒక గంట తీసుకుని మీ మెయిన్ బ్రాంచ్‌లో గత ఏడాది కమిట్లు తీయండి. పేమెంట్లు, లాగిన్, డేటా మైగ్రేషన్ లాంటి కీలకమైన చోట్ల, మెసేజ్ చూస్తే మీకే ఏమీ అర్థం కానివి ఏరండి. వాటిని రాసినవాళ్లలో కొందరు ఇంకా మీ టీమ్‌లోనే ఉంటారు. అప్రైజల్స్ అయ్యాక ఎవరు పేపర్లు పెడతారో మీకూ తెలియదు, నోటీస్ పీరియడ్‌లో చివరి రెండు వారాల కేటీలో (పని అప్పగింతలో) ఇవన్నీ ఎవరూ గుర్తుపెట్టుకుని చెప్పరు. ఇప్పుడే అడిగి గిట్ నోట్స్‌లో రాయించండి, పాత కమిట్ హ్యాష్ మారకుండానే దానికి వివరం జోడించవచ్చు. ఒక జాగ్రత్త: మామూలు పుష్‌తో నోట్స్ వెళ్లవు, వాటిని విడిగా పుష్ చేయాలి, మిగతావాళ్లు విడిగా ఫెచ్ చేసుకోవాలి. ఆ కమాండ్లు రెండూ మీ రీడ్‌మీలో పెట్టండి.

ఇట్లు,
మీ టీమ్‌లో కోడ్ చదివే ఒక డెవలపర్